రోళ్ళగుట్ట పసుపు

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో బంగారూ, చెబుతా.

అనగనగా ఒక గుట్ట, గుట్ట కింద ఒక ఊరు. ఎన్ని వేల ఏళ్ళ కిందటో మనుషులు ఆ గుట్ట మీదే కాపురాలు చేశారు. వాళ్ళ ఇళ్ళ రాళ్ళు, పగిలిన కుండపెంకులు, బండలో తొలిచిన రోళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి. అందుకే దాన్ని రోళ్ళగుట్ట అనేవాళ్ళు. పైకి వెళ్ళడానికి మూడు కాలిబాటలు.

ఊళ్ళో ఎవరి పెళ్ళయినా ఆ రోళ్ళలోనే పసుపు దంచాలి. వన్నూరమ్మ అనే పిల్లకు పెళ్ళి కుదిరింది. సరిగ్గా అప్పుడే, పాత రాళ్ళు పాడవకుండా చూడమని గుట్టకు ఒక కాపలాదారును పెట్టారు. ఆయన పేరు ఫకీరప్ప. మంచివాడే, కానీ మా చెడ్డ పట్టుదల మనిషి. ఎవరు రాయి ముట్టుకున్నా ఊరుకునేవాడు కాదు.

పెళ్ళి రెండు రోజుల్లోకి వచ్చింది. గుట్ట పసుపు లేకపోతే పీట ఎక్కనని వన్నూరమ్మ మొండికేసింది. పాపం, ఏడుపు ముఖంతో పెళ్ళికూతురు ఏం బాగుంటుంది చెప్పు?

అప్పుడు వాళ్ళ అవ్వ కదిరక్క ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పెద్ద బాటన వెళ్ళింది. ఉన్న మాట చెప్పి అడిగింది. ఫకీరప్ప కుదరదన్నాడు.

ఆ తర్వాత రోకళ్ళను కట్టెమోపుల్లో దాచి కట్టెల బాట పట్టారు. ఫకీరప్ప కడుపు పట్టుకుని నవ్వాడు. కట్టెలు గుట్ట మీంచి కిందికి తెస్తారు గానీ, కింది నుంచి పైకి మోసేవాళ్ళుంటారా? వాళ్ళ తెలివి అలా తెల్లారింది.

మూడోసారి వాన నీళ్ళు పారే బాటన, గాజులకు గుడ్డ చుట్టుకుని, పిల్లుల్లా ఎక్కారు. రోట్లో పసుపుకొమ్ములు పోశారు. ఎవరూ నోరు విప్పొద్దని కదిరక్క సైగ చేసింది. కానీ రోకటి పోటు పడ్డాక పాట రాకుండా ఉంటుందా? ముందు ఎత్తుకున్నది కదిరక్కే.

ఫకీరప్ప పరుగెత్తుకొచ్చాడు. వచ్చి చూస్తే రాయికి గీత కూడా పడలేదు. రోలు లోపల నున్నగా అరిగి ఉంది. ఆయన కోపం దిగిపోయింది.

"ఇది మీకు ఎవరు నేర్పినారవ్వా?" అన్నాడు.

"మా అవ్వ. ఆమెకు వాళ్ళవ్వ" అంది కదిరక్క.

"ఈడ బతికినోళ్ళు ఏమైపోయినారో ఎవరికీ తెలీదని నన్నీడ కాపలా పెట్టిన మా సారు చెప్పినాడే."

కదిరక్కకు నవ్వొచ్చింది. "యాడికీ పోలేదు నాయనా. నీళ్ళ కోసరం కిందికి దిగినాం, అంతే."

ఆ మాట విని ఫకీరప్ప తనూ ఒక రోకలి అందుకున్నాడు. ఆడవాళ్ళ వెంట వచ్చిన వన్నూరమ్మకు ఎంత సంతోషమేసిందో! పసుపు మెత్తగా నలిగేదాకా అందరూ పాడుతూనే ఉన్నారు.

ఇట్లా వదిలేశావేమని తర్వాత వాళ్ళ సారు అడిగాడట. "ఇంటోళ్ళు ఇంటికొస్తే ఆపేదానికి నేనెవర్ని సార్?" అన్నాడు ఫకీరప్ప.

పసుపేమో పెళ్ళికి,
పాటేమో గుట్టకి,
కథేమో కంచికి,
నువ్వేమో నిద్రకి.