ఇంకొక్క మోపు

విరూపాక్ష శాస్త్రిగారికి వాదించడం బాగా వచ్చు. వచ్చు కాబట్టే శిష్యులతో వాదించేవారు కారు. ఏదైనా అడిగితే కండువా భుజాన వేసుకుని "నడవండి" అనేవారు. ఆయన దగ్గర చదువుకున్నానని చెప్పుకోవడం నాకిప్పటికీ గర్వమే.

ఒకనాడు నా తోటి శిష్యుడు గౌరీపతి అడిగాడు: "మంచిపని ఎంత చేస్తే అంత మంచిది కదండీ? ఇక చాలనడం బద్ధకస్తుల మాట కాదా?" నాలుగేళ్లుగా ఒకే వ్యాఖ్యానాన్ని దిద్దుతూ కూర్చున్నవాడు మరి, ఇంకేం అడుగుతాడు!

గురువుగారు మమ్మల్ని అనకాపల్లి పక్కన బెల్లం వండే చోటికి తీసుకెళ్లారు. ఆ రోజు అక్కడ సన్నాసమ్మ అనే ఆవిడ మొట్టమొదటిసారి సొంతంగా పాకం చూస్తోంది. మొగుడు పోయాక ఆ పని తనదేనని పట్టుబట్టింది. ఆడమనిషి పాకం చూడటమేమిటని ఊరంతా మూతి విరిచింది. ఈ పెనం చెడిందంటే మర్నాటి నుంచి ఆమె గడపకు చెరుకు బండి రాదు.

మంట వేసే మనిషి రాకపోతే గౌరీపతి ఉత్సాహంగా పొయ్యి ముందు కూర్చున్నాడు. చెరుకు పిప్పి మోపు తోసినకొద్దీ రసం చిక్కబడుతోంది, రంగు తేరుతోంది. వాడి ముచ్చట చెప్పనలవి కాదు. సన్నాసమ్మ కాస్త పాకం చన్నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి, పెనం అంచుకేసి కొట్టింది. టక్కుమంది.

"ఆపు బాబూ" అంది.

"ఇన్ని మోపులూ మేలు చేశాయి, ఇదొక్కటీ చెరుపు చేస్తుందా?" అంటూ మనవాడు ఇంకోటి తోశాడు.

ఆమె ఇనపకొక్కెం లాక్కుని మండుతున్న పిప్పిని బయటికి ఈడ్చేసింది. "ఇందాకటి దాకా ఏసింది బెల్లానికి. ఇది మాడుకే!" అని కసిరి, మనుషులను కేకేసి పెనం దింపించింది.

అచ్చుల్లో పోసిన పాకం ఆరాక మొదటి దిమ్మను అందరి ముందూ పగలగొట్టడం అక్కడి రివాజు. సన్నాసమ్మ పగలగొట్టింది. లోపల బంగారం రంగు. చెరుకు తెచ్చిన రైతు ముసలినాయుడు ఓ ముక్క నోట్లో వేసుకుని, "రేపటి బండి కూడా నీ పెనానికే అప్పా" అన్నాడు.

"నాకు తెల్సు" అంది ఆమె తల ఎత్తి. ఆ మాటకు నా ఛాతీ కూడా ఉప్పొంగింది, నేను చేసిందేమీ లేకపోయినా.

దారిలో గౌరీపతి ఉండబట్టలేకపోయాడు. "ముప్ఫై రెండు మోపులు వేశానండీ, లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. నాకు తెలియనిది ఆవిడకెలా తెలిసింది?"

గురువుగారు నడక ఆపలేదు.

"వేసిన వాటి లెక్క నీ దగ్గరుంది నాయనా. ఆవిడైతే, నువ్వు వెయ్యబోయే మోపునొక్కదాన్నే అడిగింది, నువ్వేం తెస్తావు, ఏం పట్టుకుపోతావు అని."