సైరన్ మోగితే పరుగెత్తేవాళ్ళు

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని కోల్డ్ ఫోర్క్ అనే చిన్న ఊళ్ళో, తన కష్టాలన్నిటికీ పక్కవాణ్ణే తప్పుపట్టే వెర్నన్ ట్రెస్లర్ అనే మనిషి ఉండేవాడు. అతను టైర్ల షాపు పెట్టాడు. తాగి పడుకుని దాన్ని చేజేతులా ముంచుకున్నాడు. ముంచుకుని, "పరాయి దేశాలవాళ్ళొచ్చి నా పొట్ట కొట్టారు" అన్నాడు. టైర్లు కొనడానికి రాని జనం ఈ మాట వినడానికి మాత్రం ఎగబడి వచ్చారు. అది చూసి వెర్నన్ ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న రేడియో స్టేషన్ పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే మైకు ముందు కూర్చుని, "ఈ దేశం తెల్లవాళ్ళది. మిగతావాళ్ళు మూటాముల్లె సర్దుకోవాలి" అని అరిచేవాడు. ఊళ్ళోని మాంసం ఫ్యాక్టరీలో పని చేయడానికి గ్వాటెమాలా నుంచి వచ్చిన కుటుంబాలంటే అతనికి మరీ మంట. ఎవరి కుక్క కనబడకపోయినా వాళ్ళే కారణం, ఎవరి పిల్లలకు జ్వరం వచ్చినా వాళ్ళే కారణం. ఒక్కదానికీ రుజువు లేదు. సిగ్గు అంతకన్నా లేదు.

తల్లి పోయాక వెర్నన్‌ను పెంచింది అతని అక్క ఐడా. అప్పటికి ఆమె మోకాళ్ళు పట్టేసి, చేతికర్ర లేకుండా అడుగు వేయలేకపోయేది.

"ఆ జనం నీకేం చేశార్రా? మొన్న నా గుమ్మం ముందు పేరుకున్న మంచు ఎత్తిపోసింది ఎలియాసరే కదా" అంది ఒకరోజు.

"నీకు తెలియదక్కా. ఇలా మంచితనం నటిస్తూనే ఊరు కాజేస్తారు" అన్నాడు వెర్నన్.

"నాతో కూడా రేడియోలో మాట్లాడినట్టే మాట్లాడతావేంట్రా!" అని ఆమె విసుక్కుంది.

ఆ ఎలియాసర్ గ్వాటెమాలావాడే. మాంసం ఫ్యాక్టరీలో పని చేస్తూనే ఊరి ఫైరింజన్ నడిపేవాడు. అలాంటి చిన్న ఊళ్ళలో మంటలార్పడానికి జీతగాళ్ళు ఉండరు. సైరన్ మోగితే ఊరివాళ్ళే చేతిలో పని వదిలేసి పరుగెత్తాలి. అక్కడి కుర్రాళ్ళు చాలామంది పట్టణాలకు పోయారు. మిగిలినవాళ్ళకు ఆదివారం శిక్షణకు రావాలంటే బద్ధకం. అందుకని ఎలియాసర్, అతని స్నేహితులు ముందుకొచ్చి పని నేర్చుకున్నారు.

వెర్నన్‌కు అదీ కంటగింపే అయింది. "మన తలుపులు బద్దలుకొట్టి లోపలికొచ్చే హక్కు వాళ్ళ చేతికిచ్చాం! రేపు వాళ్ళే అంటిస్తారు, వాళ్ళే ఆర్పినట్టు నటిస్తారు!" అని రేడియోలో గొంతు చించుకున్నాడు. మర్నాడు ఆ రేడియో వినే అతని శిష్యులు జెండాలు, తుపాకులు పట్టుకుని ఫైర్ స్టేషన్ ముందు చేరారు. ఎలియాసర్ బృందం మంటలార్పేటప్పుడు వేసుకునే కోట్లు విప్పి కొక్కేలకు తగిలించి వెళ్ళిపోయింది. ఫైర్ స్టేషన్‌కు పెద్ద అయిన ముసలి చీఫ్ ఆ అవమానం చూడలేక తనూ మానేశాడు. శిష్యులు ఆ కోట్లు తొడుక్కుని ఫోటోలు దిగారు. శిక్షణకు మాత్రం ఒక్కడూ వెళ్ళలేదు. వీళ్ళ వీరత్వం ఫోటోల వరకే!

ఒక మధ్యాహ్నం ఐడా పొయ్యి మీద నూనె పెట్టి కునుకు తీసింది. వంటింట్లో మంటలు లేచాయి. సైరన్ మోగింది. వెర్నన్, శిష్యులు ఫైరింజన్ వేసుకుని వచ్చారు. గొట్టం విప్పారు. నీళ్ళు రాలేదు. పంపు ఎలా వేయాలో ఎవరికీ తెలియదు. ఒకడు ఈ మీట లాగాడు, ఇంకొకడు ఆ మీట లాగాడు. లోపలి నుంచి ఐడా "వెర్నన్! వెర్నన్!" అని అరుస్తోంది. అతను గుమ్మం దాకా వెళ్ళాడు కానీ పొగకు తట్టుకోలేక వెనక్కి వచ్చేశాడు.

అంతలో ఎలియాసర్ ఫ్యాక్టరీ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. రాయ్ అనే శిష్యుడు అతన్ని ఒడిసిపట్టుకున్నాడు.

"చూశారా! అంటించినవాడు తమాషా చూడ్డానికొచ్చాడు!" అని కేకేశాడు. నలుగురు కలిసి ఎలియాసర్‌ను నేలకేసి అదిమారు.

"పంపు నేను వేస్తాను, వదలండి! లోపల ఐడా గారున్నారు!" అని అతను గింజుకున్నాడు.

ఎలియాసర్ అంటించలేదని వెర్నన్‌కు తెలుసు. వదిలేయమని ఒక్క మాటంటే చాలు. కానీ ఆ మాటంటే, ఇన్నేళ్ళుగా తను వాగిందంతా అబద్ధమని అందరి ముందూ ఒప్పుకున్నట్టే. పెంచిన అక్క పొగలో ఊపిరాడక అరుస్తుంటే, మనిషి పుట్టుక పుట్టినవాడు ఆలోచిస్తాడా? వెర్నన్ ఆలోచించాడు. లోపలి అరుపు ఆగిపోయాక, "వదలండిరా అతన్ని!" అన్నాడు.

ఎలియాసర్ పంపు వేశాడు. ముఖానికి తడిగుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఐడాను చేతుల మీద బయటికి తెచ్చాడు. ఆమె అప్పటికే చనిపోయింది.

అంత్యక్రియల మర్నాడు వెర్నన్ మైకు ముందు కూర్చున్నాడు. "అక్క పొయ్యి ఆర్పడం మరిచిపోయింది. ఎలియాసర్ తప్పేమీ లేదు. ఇన్నాళ్ళూ నేను మీకు చెప్పింది అబద్ధం" అని ఏడ్చాడు. అతని మీద జాలి పడమని మాత్రం నన్నడక్కండి. నా జాలంతా ఐడా కోసమే ఖర్చయిపోయింది.

ఆ మాటలు విన్న శిష్యులు షెడ్డు మీదికి వచ్చి మైకు విరగ్గొట్టారు. అటునుంచి అటే రాళ్ళు పట్టుకుని ఎలియాసర్ ఇంటి మీదికి బయల్దేరారు. వెర్నన్ చేతులు చాపి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"నేను అబద్ధం చెప్పానురా! నా మాట వినండి!" అన్నాడు.

"నువ్వు అబద్ధం చెబుతున్నది ఇప్పుడు. వాళ్ళకు అమ్ముడుపోయావ్" అన్నాడు రాయ్. వెర్నన్‌ను పక్కకు నెట్టేసి అందరూ ముందుకు నడిచారు.

ఆ సాయంత్రమే ఎలియాసర్ భార్యాబిడ్డలతో ఊరు విడిచిపోయాడు. అతని స్నేహితులూ వెళ్ళిపోయారు. కోల్డ్ ఫోర్క్‌లో సైరన్ ఇప్పటికీ మోగుతుంది. పరుగెత్తేవాళ్ళే లేరు.

జనానికి ద్వేషం నేర్పడం తేలికే, కానీ ఒకసారి నేర్పాక దాన్ని మాన్పించడం నేర్పినవాడి వల్ల కూడా కాదు.