సూర్యుడి ఎనిమిదో కూతురు

ఒకప్పుడు నేలమీద గడ్డిపరక కూడా ఉండేది కాదు. చీమ లేదు, పిట్ట లేదు. ప్రాణమున్నవన్నీ నీళ్లలోనే, అదీ లోతున, బిక్కుబిక్కుమంటూ బతికేవి.

ఎందుకంటే, సూర్యుడికి ఎనిమిదిమంది కూతుళ్లు. ఏడుగురు రంగురంగుల పిల్లలు. వానలో ఇంద్రధనుస్సై నిలబడేది వాళ్లే. ఎనిమిదోది చురక. ఊదారంగు అక్క వెనకాలే వచ్చేది. కంటికి కనబడదు, చప్పుడు చెయ్యదు. వచ్చిందని తెలిసేలోపే ఒళ్లు కమిలిపోయేది, కళ్లు మసకబారేవి.

సముద్రానికి దూరంగా, ఇసుక మధ్యలో ఒక ఉప్పునీటి మడుగు. అందులో ఎండ్రమ్మ అనే పీత, కూతురు గుల్లితో ఉండేది. ఒక ఏడు వాన పడలేదు. మడుగు ఇంకిపోసాగింది. నీళ్లు తగ్గేకొద్దీ చురక ఇంకా లోపలికి దిగేది.

"అమ్మా, సముద్రంలోకి పోదామే," అంది గుల్లి.

"ఎలా పోతాం తల్లీ? రాత్రంతా నడిచినా సగం ఇసుకే దాటతాం. తెల్లారితే చురక పట్టుకుంటుంది. మీ నాన్న అలా వెళ్లినవాడే."

గుల్లి రాతికింద ఇంకా లోపలికి ముడుచుకుంది.

ఆ మడుగులో రాళ్లను అంటిపెట్టుకుని పాచవ్వ ఉండేది. పై పొర మాడిపోతే కింది పొరతో బతికేది. బుడబుడమని ఊపిరి వదిలేది. ఆ బుడగల్లో ఊపిరిపిల్లలుండేవాళ్లు. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా, చేతులు పట్టుకుని.

ఎండ్రమ్మ ఆమె దగ్గర కూలబడింది. "అవ్వా, నా బిడ్డ మాడిపోతుంది. నువ్వైనా ఏదో ఒకటి చెయ్యి."

"నాకు కాళ్లా, చేతులా? ఉన్నది ఊపిరొక్కటే. అదే పంపుతాను," అంది పాచవ్వ. పిల్లల్ని పిలిచింది. "మబ్బులు దాటి ఎక్కండి నాయనా. చురకను అక్కడే ఆపండి."

"మాకు భయం అవ్వా!"

"నాకూ భయమే. అయినా ఎక్కండి."

చేతులు వదలకుండా ఎక్కారు. మబ్బులు కిందే ఉండిపోయాయి. అక్కడ చురక ఎదురొచ్చింది.

ఒక జంటను కొట్టింది. పట్టుకున్న చేతులు విడిపోయాయి. విడిపోయినవాడు కెవ్వుమని అరిచి, భయంతో పక్క జంట చేతులు పట్టేసుకున్నాడు. ఇద్దరు ముగ్గురయ్యారు. చురక ఆ ముగ్గుర్నీ కొట్టింది. వాళ్లు విడిపోయారు గాని, ఆ దెబ్బతో దాని బలమంతా అక్కడే అయిపోయింది. కిందికి దిగలేకపోయింది. విడిపోయినవాడు మళ్లీ ఇంకో జంటను పట్టుకున్నాడు. మళ్లీ దెబ్బ, మళ్లీ పట్టు. ఆకాశమంతా అదే పని.

కింద మడుగులో నీళ్లు అడుగంటాయి. ఇక ఆగితే చావే. పొద్దు వాలగానే ఎండ్రమ్మ గుల్లిని పొట్టకింద పెట్టుకుని ఇసుకమీదికి ఎక్కింది. రాత్రంతా నడిచింది. తెల్లారేసరికి సగం దారి మిగిలే ఉంది.

పక్కనే తెల్లటి డొల్ల ఒకటి పడి ఉంది.

"అమ్మా, అది నాన్నదా?"

"చూడకు. పద."

సూర్యుడు పైకొచ్చాడు. ఎండ్రమ్మ కళ్లు మూసుకుంది. ఇప్పుడు కాలుతుంది, ఇప్పుడు కాలుతుంది అనుకుంటూ అడుగేసింది. కాలలేదు. "పాచవ్వ పిల్లలు ఆపారే!" అని గుల్లి పొట్టకిందినుంచి బయటికి గంతేసింది.

కానీ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఎండ్రమ్మ వీపు చుర్రుమంది. పొద్దున చురక ఏటవాలుగా వచ్చింది, దారిపొడుగునా ఊపిరిపిల్లలు అడ్డుపడ్డారు. ఇప్పుడు నిట్టనిలువునా దిగుతోంది. దారి దగ్గరైపోయింది, అడ్డుకునేవాళ్లు తగ్గిపోయారు. కొంత జారి కిందపడుతోంది.

"తవ్వు! ఇసుక తవ్వు!" అని అరిచింది ఎండ్రమ్మ.

ఇద్దరూ గోళ్లు విరిగేలా తవ్వి బొరియలో దూరారు. పైన ఇసుక వేడెక్కుతోంది. గుల్లి అమ్మ కాలిని గట్టిగా పట్టుకుని పొద్దు వాలేదాకా వదల్లేదు. తర్వాత బయటికొచ్చి నడిచారు. అల తగిలాక గాని ఎండ్రమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె వీపుమీద ఎర్రటి మచ్చ మాత్రం పోలేదు.

వాళ్ల తర్వాత నేలమీదికి గడ్డి వచ్చింది, చీమ వచ్చింది, పిట్ట వచ్చింది.

అప్పటినుంచే ఊపిరిపిల్లలు ఆకాశంలో ముగ్గురుముగ్గురుగా కాపలా కాస్తున్నారు. పొద్దుటెండ మెత్తగా ఉంటుంది, మిట్టమధ్యాహ్నం ఎండ ఒళ్లు చురుక్కుమనిపిస్తుంది. ఆ కాపలా పలచబడినచోట చురక ఇప్పటికీ చప్పుడు లేకుండా దిగుతూనే ఉంది.