సుల్తాన్ మూడో వేలు

సిలార్ బాబా దగ్గర ఇంతవరకు చేరిన శిష్యులందరిలో, ఒకే బైఠకులో మూడు గంటలు కదలకుండా కూర్చున్నవాణ్ని నేనొక్కణ్నే. కావాలంటే హుసేనప్పన్నను అడగండి. అంతకుముందు నా రికార్డు నాలుగు నిమిషాలు. అందులోనూ రెండుసార్లు గోక్కున్నాను.

మా బాబా దూదేకులాయన. నంద్యాలలో ఒక పాత పెంకుటిల్లు. ముందు గది పరుపుల కొట్టు, వెనక గది మేం దైవనామం చెప్పుకునే చోటు. పగలు జనం తెచ్చిన పాత పరుపులు విప్పుతాం, గడ్డకట్టిన దూదిని ఎండబెడతాం, ఏకుతాం, మళ్లీ కుడతాం. సాయంత్రం ఆ నలకలు ముక్కులో ఉండగానే కళ్లు మూసుకుంటాం. అందరికీ మనసు నిలుస్తుంది. నాకు తుమ్ములొస్తాయి.

హుసేనప్పన్న పదకొండేళ్లుగా బాబా దగ్గర పని చేస్తున్నాడు. కళ్లు మూసుకున్నాడంటే గోడకు కొట్టిన మేకే. ఒకసారి నామం జరుగుతుండగా అతని టోపీ మీద నిమ్మకాయ పెట్టి చూశాను. అది పడలేదు. పడనందుకు నాకే కడుపు మండింది.

ఆ మంటలోనే వెళ్లి నాకు చిల్లా ఇప్పించమని బాబాను అడిగాను. చిల్లా అంటే నలభై రోజులు ఒక గదిలో ఒంటరిగా, దేవుడి పేరు తప్ప ఇంకో మాట లేకుండా కూర్చోవడం. హుసేనప్పన్న రెండు చేశాడు.

"నాలుగు నిమిషాలు కుదురుగా ఉండలేనోడివి, నలభై దినాలు ఏం చేస్తావు అబ్బీ?" అన్నాడు హుసేనప్పన్న.

"బయట గొళ్లెం పెట్టన్నా. కుదురు అదే వస్తుంది."

బాబా సూదిలో దారం ఎక్కిస్తున్నారు. విన్నారు. దారానికి ముడి వేశారు.

ఆ వారంలోనే వకుళ మేడం వచ్చారు. డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్తారు. ఆటోలోంచి ఇద్దరి చేత ఒక అద్దాల పెట్టె దింపించారు. అందులో రాయి మీద ఒక తొండ కూర్చుని ఉంది. దానికి గడ్డం ఉంది.

నిజంగానే గడ్డం. మూరెడు పొడవు, ఇసుక రంగు ఒళ్లు, మెడ కింద ముళ్లముళ్లుగా వేలాడుతూ గడ్డం. ఆస్ట్రేలియా జాతి అట, పుట్టింది మాత్రం హైదరాబాదులోనే, ఎవరి ఇంట్లోనో ఇలాంటి పెట్టెలోనే. పేరు సుల్తాన్. నేను దాన్ని చూశాను, బాబాను చూశాను, మళ్లీ దాన్ని చూశాను. హుసేనప్పన్న నా కాలు తొక్కాడు.

"మైసూరులో నలభై రోజుల ట్రైనింగు బాబా," అన్నారు మేడం. "అక్కడ దీన్ని రానివ్వరు. మీ చేతిలో పెడితే నాకు బెంగ ఉండదు." బెంగ ఉండదంటూనే పెట్టె మీదినుంచి చెయ్యి తీయలేదు. "ఇది వచ్చి ఐదేళ్లయింది. ఆ ఇంట్లో నాతోపాటు ఊపిరి పీల్చేది ఇదొక్కటే."

"నలభై రోజులా తల్లీ?" బాబా నా వైపు తిరిగారు. "మా దస్తగిరి చూసుకుంటాడు."

ఆమె వెళ్లాక నాతో అన్నారు. "ఇది ఎట్లా కూర్చుంటుందో చూడు. దీన్ని క్షేమంగా అప్పగించినాక నీ చిల్లా సంగతి మాట్లాడుకుందాం."

మేడం ఒక నోటుబుక్కులో ఎనిమిది పేజీలు రాసిచ్చారు. నేను మూడు చదివాను. వెచ్చటి బల్బు పెట్టెకు ఒక పక్కే ఉండాలి, రెండో పక్క చల్లగా ఉండాలి, ఎప్పుడు ఎటు పోవాలో దానికే తెలుసు. ఎముకలకు బలమిచ్చే ఇంకో దీపం రోజుకు పన్నెండు గంటలు వెలగాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఆ దీపం పని చేయదు. కింద ఇసుక పోయొద్దు, తింటే పేగుల్లో అడ్డం పడుతుంది. పొలంలో మిడతలు పట్టి పెట్టొద్దు, వాటి మీద పురుగుమందు ఉంటుంది. ఆమె ఇచ్చిన డబ్బాలోని మిడతలే, కాల్షియం పొడి అద్ది పెట్టాలి. ఇంత చదివేసరికి నాకు కాలు తిమ్మిరెక్కింది. లేచాను.

సుల్తాన్ కూర్చునేది. కూర్చుని కూర్చుని ఒక కన్ను మూసేది. నాకు భయమేసేది, పోయిందేమోనని. వేలితో పొడిచేవాణ్ని. అది కన్ను తెరిచేది. హమ్మయ్య అనుకునేవాణ్ని. పావుగంటకు మళ్లీ అదే.

రాయిని ఎడంవైపు జరిపాను, బాగాలేదనిపించి కుడివైపు జరిపాను. విసుగు పుడుతుందేమోనని రోజుకు పదిసార్లు బయటికి తీసి కొట్లో తిప్పాను. పరుపులు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకు చూపించాను. తినకపోతే నోటి దగ్గర మిడతను ఆడించాను. పదో రోజుకు సుల్తాన్ గడ్డం బొగ్గులా నల్లబడింది. తిండి మానేసింది.

"గడ్డానికి రంగేసినావా?" అన్నాడు హుసేనప్పన్న.

"పెళ్లి కుదిరిందన్నా దానికి."

నవ్వాను. లేచి రాయిని మళ్లీ జరిపాను.

ఇరవయ్యో రోజున దాని ఒళ్లంతా తెల్లబారింది. కుబుసం విడుస్తోంది. వీపు మీది తోలు కాగితంలా లేచి రాలిపోయింది. కానీ తోక చివర, వెనక కాళ్ల వేళ్ల మీద మాత్రం ఉంగరాల్లా బిగుసుకుపోయింది. రెండు రోజులు చూశాను. నేను రెండు రోజులు ఏదైనా చూశానంటే అదే ఎక్కువ. మూడో రోజు కొట్లో ఎవరూ లేనప్పుడు సుల్తాన్‌ను ఒళ్లో పెట్టుకుని, కుడి వెనక కాలి మూడో వేలి మీది తోలును గోళ్లతో పట్టి లాగాను.

తోలు వచ్చింది. దానితోపాటు వేలి కొస కూడా వచ్చింది, గోరుతో సహా.

తొండ అరవదు. నోరు తెరిచి, నా వైపు చూసి, మూసుకుంది. అరిచినా బాగుండేది.

రక్తం బొట్లుబొట్లుగా పడింది. పక్కనున్న దూది అద్దాను. వీధిలో బాబా చెప్పుల చప్పుడు వినిపించింది. వేలి ముక్కను దూదిలో చుట్టి, కుట్లు వదులైన నా దిండులోకి తోసేశాను. దూదేకేవాళ్ల ఇంట్లో దాచుకోవడానికి నాకు దిండే దొరికింది చూడండి. నా తెలివి అట్లాంటిది.

"రాయి పడింది బాబా, కాలి మీద."

బాబా నన్ను చూడలేదు. సుల్తాన్‌ను తువ్వాలులో చుట్టి పశువుల ఆసుపత్రికి నడిచారు. నేను వెనకే. డాక్టరు మొదట నవ్వాడు, "బర్రెలు చూసేవాణ్ని సామీ నేను" అని. తర్వాత నవ్వకుండా గాయం కడిగి మందు రాశాడు.

"తెగిన ముక్క ఏది?"

"కనపడలేదు సార్."

ఇంటికి వచ్చాక బాబా అద్దాలు పెట్టుకుని నోటుబుక్కు తీశారు. పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ ఐదోదాని దగ్గర ఆగారు. పైకి చదివారు.

"వేళ్ల మీద, తోక మీద తోలు బిగుసుకుంటే చేత్తో లాగొద్దు. పసిబిడ్డ స్నానానికి పెట్టినంత వెచ్చటి నీళ్లలో, దాని మోచేతుల దాకా మునిగేట్టు కూర్చోబెట్టండి. అదే వదులుతుంది. తొందరపడితే వేలు పోతుంది."

పుస్తకం మూశారు. నాకు చెవులు వేడెక్కాయి.

గాయం ఆరాక డాక్టరు సరేనన్న రోజున, బాబా వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి మోచేత్తో వేడి చూశారు. నా అరచేతిని నీళ్లలో పెట్టించి దాని మీద సుల్తాన్‌ను కూర్చోబెట్టారు.

"ఇప్పుడేం చేయాలి బాబా?"

"నీళ్లు చల్లారితే చెప్పు."

"అంతవరకూ?"

బాబా అప్పటికే పరుపు దగ్గరికి వెళ్లిపోయారు.

నా వేలు కదిలితే సుల్తాన్ గోళ్లు దిగేవి. మోకాలు దురద. వీపు దురద. వీధిలో ఎవరో ఎవర్నో తిడుతున్నారు, ఎవరో చూడాలని ప్రాణం కొట్టుకుంది. చూడబోతే గోళ్లు. కుడి వెనక కాలివి ఐదు గోళ్లు ఉండాల్సిన చోట నాలుగే గుచ్చుకుంటున్నాయి. ఆ మూడో వేలి గోరు ఎక్కడుందో నాకొక్కడికే తెలుసు.

అట్లా రోజూ. ఐదో రోజున నీళ్ల మీద ఏదో తేలింది. సన్నటి తెల్లటి గొట్టం. తోక చివరి తోలు, చినగకుండా ఊడి వచ్చింది. సుల్తాన్ గడ్డం ఇసుక రంగుకు తిరిగింది. సాయంత్రం తోటకూర తింది. నేను ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవాలంటే వేలి దగ్గర మొదలుపెట్టాలి.

ఏటా తొలకరికి ముందు ఇంట్లో దిండ్లన్నీ విప్పి ఏకడం బాబా అలవాటు. వాన తేమకు దూది ముక్కిపోయిన వాసన వేస్తుందని. ఆ సంగతి నాకు గుర్తొచ్చేసరికి బాబా చేతిలో నా దిండు ఉంది.

"నాది బాగుంది బాబా. మెత్తగా ఉంది. హుసేనప్పన్నది విప్పండి, అది రాయిలా ఉంది."

"నాది పోయినేడు నువ్వే కుట్టినావు కదరా," అన్నాడు హుసేనప్పన్న.

బాబా కుట్లు కోశారు. గడ్డలు విడదీసి ఎండలో పరిచారు. గట్టి గడ్డలను ఆయన ఎప్పుడూ లాగరు. ఎండలో వదిలేస్తారు, అవే విచ్చుకుంటాయి. మధ్యాహ్నానికి దూది ఏకే విల్లు తీశారు. తంతి టంగుటంగున మోగింది. దూది పొగలా లేచింది. నేను వాకిట్లోకి పోయాను, లోపలికి వచ్చాను, మంచినీళ్లు తాగాను, మళ్లీ తాగాను.

తంతి ఆగింది.

బాబా దూదిలోంచి ఏదో ఏరి అరచేతిలో పెట్టుకున్నారు. వెలుగుకు ఎత్తి చూశారు. ఎండిపోయిన చిన్న ముక్క, చివర గోరు. ఆయన చూపు పెట్టెలో సుల్తాన్ దాకా వెళ్లి తిరిగి వచ్చింది. నా దాకా రాలేదు.

దాన్ని మళ్లీ దూది మధ్యలో పెట్టారు. గలీబు నింపి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి, పళ్లతో దారం తెంపి, దిండు నా చేతిలో పెట్టారు.

"నీది," అన్నారు.

అంత మెత్తటి దిండు నాకు జన్మలో దొరకలేదు. దాని మీద తల పెట్టలేక తొమ్మిది రాత్రులు నేల మీద పడుకున్నాను. నిద్ర పట్టింది కాదు.

నలభయ్యో రోజున మేడం బ్యాగుతో సహా కొట్టుకే వచ్చారు. పెట్టె మూత తీయగానే సుల్తాన్ ఆమె చేతి మీదుగా భుజం ఎక్కింది. ఆమె దాన్ని వెలుగులో తిప్పి కళ్లు చూశారు, నోరు చూశారు, వేళ్లు ఒక్కొక్కటే చూశారు. ఒకచోట ఆగారు.

"ఇదేమయింది?"

బాబా పరుపు కుడుతున్నారు. సూది దిగింది, పైకి వచ్చింది.

"రాయి పడింది మేడం," అన్నాడు హుసేనప్పన్న. పదకొండేళ్లలో అబద్ధం ఆడని మనిషి. నా మాట నమ్మి, నా మాటే చెప్తున్నాడు.

నేను ఏదో తమాషా మాట వెతుక్కున్నాను. నాకెప్పుడూ దొరుకుతుంది. ఆరోజు దొరకలేదు. వెనక గదిలోకి వెళ్లి దిండు తెచ్చి, బాబా కత్తెర తీసుకుని కుట్లు కోశాను. దూదంతా కింద పడింది. వెతికి, దొరికినదాన్ని ఆమె ముందు పెట్టాను.

"రాయి పడలేదు మేడం. నేనే లాగాను. ఐదో పేజీ చదవలేదు."

మేడం దాన్ని వేలి కొసతో తిప్పి చూశారు.

"నొప్పి పుట్టిందా దానికి?"

"పుట్టింది."

మేడం ముక్కను ఇంత దూదిలో పెట్టి పర్సులో వేసుకున్నారు. ఆటో వచ్చింది. పెట్టె ఎక్కించాక, సీటు ఎక్కడానికి చేతులు ఖాళీ లేవన్నట్టుగా సుల్తాన్‌ను ఒక్క నిమిషం నా చేతికి ఇచ్చారు. అది నా అరచేతి మీద కూర్చుని ఒక కన్ను మూసింది. పొడవలేదు నేను.

ఆటో వెళ్లిపోయాక బాబా కింద పడిన దూది ఏరి, దిండు మళ్లీ కుట్టారు. నా చేతికిచ్చారు.

"ఇప్పుడు కూర్చో," అన్నారు.

వెనక గదిలో గోడకు దిండు ఆనించి కూర్చున్నాను. కళ్లు మూసుకున్నాను. చిల్లా సంగతి బాబా ఎత్తలేదు. నేనూ అడగలేదు. సాయంత్రం అందరూ వచ్చారు, నామం చెప్పుకున్నారు, వెళ్లిపోయారు. మూడు గంటలు. నేను కదలలేదు. టోపీ మీద హుసేనప్పన్న నిమ్మకాయ కూడా పెట్టి చూశాడట. పడలేదట.

ఇన్నాళ్లూ ఇక్కడిదాకా చెప్పి ఆపేసేవాణ్ని. మిగిలింది కూడా చెప్పేస్తాను. ఆ మూడు గంటలూ నేను నిద్రపోయాను. గురక కూడా పెట్టాను. నాకు మెలకువ వస్తుందని, ఆరోజు అందరినీ గొంతు తగ్గించి నామం చెప్పుకోమన్నారట బాబా.