తీతు గొంతు పోయిన రోజు

“అయ్యగారూ, ఆరాధన నడిపించేవాడు దేవుని మీద ఆధారపడాలంటారు. అంటే సాధన మానెయ్యమనా?” అని అడిగాడు తీతు ఒకనాడు.

జీవరత్నం అయ్యగారు ఆ సముద్రతీరపు ఊళ్ళో సంఘకాపరి. అడిగినదానికి అడిగినప్పుడే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. “మానొద్దు నాయనా, బాగా సాధన చెయ్యి,” అని మాత్రం అని, మల్లెపాదుకు నీళ్ళు పోసుకోవడంలో పడ్డారు.

తీతు గొంతు చక్కటిది. ఆ సంగతి ఊరందరికంటే తీతుకే బాగా తెలుసు. అతను ఆరాధన చేతికి తీసుకున్నాక గుడికి కీబోర్డు వచ్చింది, పాటకు సొగసు వచ్చింది. ఒక్కటి మాత్రం పోయింది. పూర్వం అయ్యగారు ప్రతి చరణాన్నీ ముందు మాటలుగా చెప్పి అందించేవారు. చదువురాని ఆడవాళ్ళు అది అందుకుని పాడేవారు. అలా మధ్యమధ్య ఆగితే పాట తెగిపోతుందని తీతు ఆ పద్ధతి తీసేశాడు. అప్పటినుంచి వాళ్ళు తలమీద కొంగు సర్దుకుని, పాపం, బుద్ధిగా వింటున్నారు. తన పాటలో లీనమైపోయారని తీతు మురిసిపోయేవాడు.

ఆ ఏడు తుపానులో సలోమమ్మ కొడుకు అంద్రెయ ఎక్కిన పడవ తిరిగి రాలేదు. ఆమె వెతకని రేవు లేదు. ఊరంతా ఆశ వదిలేసుకున్నాక, పిల్లవాడు ఎక్కడో దూరపు తీరాన పడి, ప్రాణాలతో ఇల్లు చేరాడు. సలోమమ్మ ఇంటిముందు పందిరి వేయించి కృతజ్ఞత కూడిక పెట్టుకుంది.

“బాబూ, వాడు కనబడని రోజుల్లో నా నోట ఒక్క పాట రాలేదు. ఇప్పుడు దేవుడికి నోరారా స్తోత్రం చెప్పుకోవాలి. ‘లోతుల్లో నన్ను మరువని దేవా’ పాట పాడుకోవాలని ఉంది. నాకా, చదువు రాదు,” అంది తీతుతో.

“మీరు కూర్చుని వినండి సలోమమ్మా. కళ్ళనీళ్ళు వచ్చేట్టు పాడతాను,” అన్నాడు తీతు. అన్నమాట నిలబెట్టుకోవాలని రోజూ పగలంతా సాధన చేశాడు. చేసి చేసి, కూడిక నాటికి గొంతు పూర్తిగా పూడుకుపోయింది.

పరుగున అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు. “ఇవాళ మీరే నడిపించండి. నా దగ్గరేమీ మిగల్లేదు,” అన్నాడు గుసగుసగా.

“నీ దగ్గర లేదు, సరే. ఆయన దగ్గర కూడా అయిపోయిందా? నువ్వే నడిపించు,” అని అయ్యగారు బైబిలు చంకన పెట్టుకుని ముందు నడిచారు.

పందిట్లో తీతు కీబోర్డు మీద పాట ఎత్తుకున్నాడు. ఎవరూ అందుకోలేదు. మళ్ళీ వాయించాడు. అందరూ అలవాటు ప్రకారం వింటున్నారు. ముందు చాపమీద సలోమమ్మ, పక్కన కొడుకుని పెట్టుకుని, పెదవులు కదిలించబోయి ఆగిపోతూ అతనికేసే చూస్తోంది. ఆ చూపు చూశాక తీతుకు సిగ్గేసింది. ఆమె పాడుకుంటానంటే తను వినమన్నాడు. కీబోర్డు మీదినుంచి చేతులు తీసి అక్కడే మోకాళ్ళూనాడు. “ప్రభువా, నావల్ల కాదు. ఈ తల్లిచేత నువ్వే పాడించుకో,” అని మనసారా వేడుకున్నాడు.

లేచాక చెయ్యగలిగింది ఒక్కటే కనబడింది. ఆ పోయిన గొంతుతోనే మొదటి చరణాన్ని ఒక్కొక్క మాటగా చెప్పాడు. ఇంటి కూడిక కదా, మైకు లేదు. ముందువాళ్ళు విని వెనకవాళ్ళకు చెప్పారు. ఇంతలో సలోమమ్మ ఎత్తుకుంది. శ్రుతి లేదు, గొంతు వణికింది, అయినా ఆగలేదు. పందిరి పందిరంతా ఆమెతో కలిసింది. తీతు చరణం చెప్పడం, వాళ్ళు పాడడం. అంద్రెయ తల్లి భుజానికి ముఖం ఆనించి ఏడ్చాడు. ఆరాధన తన చేతికి వచ్చాక అంతమంది పాడుతుంటే తీతు వినడం అదే మొదలు. అతని గుండె కృతజ్ఞతతో నిండిపోయింది.

భోజనాలయ్యాక గురుశిష్యులిద్దరూ ఇసుకలో నడిచి వస్తున్నారు. “అయ్యగారూ, దేవుడు ఎంత మంచివాడండీ! ఇక నా గొంతు తిరిగి రాకపోయినా నాకు బెంగ లేదు,” అన్నాడు తీతు, మాట సరిగా పెగలకపోయినా.

“ఎందుకు రాదు? రెండ్రోజుల్లో వస్తుంది,” అన్నారు అయ్యగారు. కొంతదూరం నడిచాక శిష్యుడి భుజం మీద చెయ్యి వేశారు. “నీకోసం నేను గట్టిగా ప్రార్థన చెయ్యాల్సింది అప్పుడే.”