రేవు అధికారి కుర్చీ

అలలకోట రాజు సోమదేవులవారికి ఆ మధ్యాహ్నం భోజనం దగ్గరే కోపం వచ్చింది. పళ్ళెంలో వేయించిన చందువా చేప అరచెయ్యంత కూడా లేదు.

"ఏమయ్యా, దీన్ని తినమంటావా, పెంచుకోమంటావా?" అని వంటవాణ్ణి అడిగారు.

"సముద్రంలో పడవలు ఎక్కువైపోయాయి ప్రభూ. చేపకు పెరిగే వ్యవధి ఉండటం లేదు" అన్నాడు వాడు.

చెయ్యి కడిగేలోగా ఆజ్ఞ వెలువడింది. ఉన్న పడవలన్నిటికీ రాగిముద్ర కొట్టాలి. ఇకమీదట కొత్త పడవ ఏదీ సముద్రంలోకి దిగకూడదు. ఆజ్ఞ మంచిదే. చేపలు బతికుంటేనే కదా నాలాంటి తిండిపోతు బతికేది.

నా పేరు బక్కయ్య. పేరు పెట్టిననాడు ఎలా ఉండేవాణ్ణో గానీ, ఇప్పుడు నేను తలుపు దాటాలంటే పక్కకు తిరగాలి. కొలువులో నా పని రాజుగారిని నవ్వించడం. నోరు విప్పకముందే సగం పని అయిపోతుంది.

మా కొలువులో ఉద్యోగంతోపాటు ఒక కుర్చీ ఇస్తారు. ఆ కుర్చీ ఎవరిదో ఆ ఉద్యోగం వారిది. నాకు ఇచ్చినవి వరసగా విరిగిపోతుంటే వడ్రంగి కాళ్ళావేళ్ళా పడి నన్ను చాప మీదికి మార్పించాడు.

ముద్రల పెత్తనం రేవు అధికారి తాండవరాయుడి చేతికి వచ్చింది. ఆయన మీసానికి నూనె రాయడానికే ఒక మనిషి ఉండేవాడు. సముద్రం తన మాట విన్నాకే పోటెత్తుతుందన్నట్టు నడిచేవాడు.

కొన్నాళ్ళకు తుపాను వచ్చింది. అది వెలిశాక అసిరయ్య అనే పల్లెకారు, పడవ ముందుకొనన ఉండే చెక్కను భుజాన పెట్టుకుని కొలువుకు వచ్చాడు.

"నా పడవ ఇరిగిపోనాది బాబూ. ఈ ముక్కుసెక్కొకటే మిగిలినాది. మా రేవులో ఆచారం ఉంది. పాత పడవ ముక్కుసెక్క కొత్తదానికి బిగిస్తే అది పాత పడవే. ముద్ర దీనిమీదే ఉంది, సూడండి. నన్ను సముద్రంలోకి ఎల్లనివ్వండి."

తాండవరాయుడు కుర్చీలోంచి లేచి, సభ మధ్యకు వచ్చి మీసం దువ్వాడు.

"ముద్ర ఇచ్చింది పడవకు, మనిషికి కాదు. పడవ పోయింది, హక్కూ పోయింది. ఇప్పుడు కట్టేది కొత్త పడవ. వీడు కొత్తగా వచ్చేవాడి కిందే లెక్క. చెక్కముక్క బిగిస్తే కొత్తది పాతదవుతుందా? ఖాళీ అయిన ముద్రను మా బావమరిదికి ఇప్పిస్తే పడవల సంఖ్యా పెరగదు."

ఆ బావమరిదిని నేనెరుగుదును. సముద్రం దాకా ఎందుకు, ఎండుచేపల వీధిలోనే ముక్కు మూసుకుని నడుస్తాడు.

"సముద్రం తప్ప నాకేటీ తెల్దు బాబూ. ముద్ర నేకపోతే నా పిల్లలు పస్తే" అని అసిరయ్య చెక్కను గుండెకు హత్తుకున్నాడు. నేను నములుతున్న జంతికను పక్కన పెట్టేశాను. నేను తిండి సగంలో ఆపడం అరుదు.

రాజుగారు ఆలోచనలో పడ్డారు. ఒక్కరికి సడలిస్తే అందరూ వస్తారు, చేప మళ్ళీ చిక్కిపోతుంది. ఆయన ఇబ్బందీ న్యాయమైనదే.

నేను చాప మీది నుంచి లేచాను. లేవడానికి కొంతసేపు పట్టింది. అందరూ ఆ వేడుక చూస్తుండగా తిన్నగా వెళ్ళి తాండవరాయుడి కుర్చీలో కూలబడ్డాను.

ఫెళ్ళుమంది.

నేను నేలమీద, కుర్చీ నా కింద. నా ఒళ్ళు జీవితంలో మొదటిసారి అనుకున్న పని అనుకున్నట్టు చేసింది.

"నా కుర్చీ!" అని అరిచాడు తాండవరాయుడు.

"క్షమించండి అయ్యగారూ. ఏనుగునైనా నిలబెట్టవచ్చు, నన్ను కూర్చోబెట్టకూడదు" అన్నాను. అలాగే నేలమీద నుంచే రాజుగారికి దండం పెట్టాను.

"ప్రభూ, ఉద్యోగం కుర్చీది కదా. కుర్చీ పోయింది, ఉద్యోగమూ పోయింది. కొత్త కుర్చీ చేయిస్తే రాయుడుగారు కొత్తగా వచ్చేవారి కిందే లెక్క."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆగలేదు.

"ఖాళీ అయిన ఉద్యోగం సంగతంటారా... నాకూ ఒక బావమరిది ఉన్నాడు."

రాజుగారు గడ్డం నిమురుకున్నారు. "మాట సబబుగానే ఉంది. ఏమంటావు రాయుడూ?"

తాండవరాయుడు గబగబా వంగి, విరిగిన ముక్కల్లోంచి చెక్కడపు పనిచేసిన కుర్చీ చెయ్యి ఒకటి తీసి పైకెత్తాడు.

"ఇది మిగిలింది ప్రభూ! దీన్ని కొత్త కుర్చీకి బిగిస్తే అది ఆ కుర్చీయే! అయినా కూర్చునే మనిషిని నేనే కదా! ఇన్నేళ్ళు పనిచేసినవాణ్ణి, చెక్క విరిగితే కొత్తవాణ్ణెలా అవుతాను?"

ఒక పక్క చెక్క పట్టుకుని అసిరయ్య, మరో పక్క చెక్క పట్టుకుని తాండవరాయుడు. సభంతా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అసిరయ్యా, నీ తరఫున ఇంత బాగా నేను కూడా వాదించలేకపోయేవాణ్ణి!" అన్నాను నేను.

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక తీర్పు చెప్పారు.

"పడవల సంఖ్య పెరగకూడదు. కానీ ముద్ర కొయ్యది కాదు, దానిమీద సముద్రంలోకి వెళ్ళే మనిషిది. అసిరయ్య తన ముక్కుచెక్క బిగించుకుని వెళతాడు. కలప మా అడవి నుంచి కొట్టుకోనీ. రాయుడూ, నీ కుర్చీ నీకే. మీ బావమరిది మాత్రం ఒడ్డునే ఉంటాడు."

ఆయన తన మెడలోని ముత్యాలహారం తీసి నాకు వేయబోయారు. అది నా తల దాటలేదు. లాగారు, తిప్పారు, చెవుల దగ్గర ఇరుక్కుపోయింది. చివరికి నా చేతికే చుట్టారు.

అందరికంటే గట్టిగా నవ్వింది అసిరయ్యే, కళ్ళు తుడుచుకుంటూ.