వడ్లగింజంత పన్ను

ప్రాణహిత ఒడ్డున, ఎర్రమట్టి గట్టులో, తొండ లచ్చి పదకొండు గుడ్లు పెట్టింది. ఆ రోజు నుంచీ దానికి తిండి సయించడం లేదు. ఎండ ఎక్కువైందేమో, చెమ్మ తక్కువైందేమో అని ఒకటే దిగులు.

సరిగ్గా ఆ గట్టుమీదే నక్క కన్ను పడింది. "ఇక్కడ బొరియ తవ్వుకుంటాను," అంది.

"వద్దు మామా! రాక్షసబల్లి ఎముకలున్న చోట ఎవరూ తవ్వకూడదని కదా మన అడవి కట్టుబాటు! ఇదిగో, ఈ గట్టులోనే దొరికింది," అంటూ లచ్చి వడ్లగింజంత పన్ను చూపించింది.

నక్క పగలబడి నవ్వింది. "పేరులోనే రాక్షసి ఉందే పిచ్చిదానా! అవతలి గట్టున చూడు, తాటిమొద్దంత తొడ ఎముక. రాక్షసబల్లంటే అదీ. ఇది నీ పాలపన్నేమో!"

తగువు ముసలి దుమ్ములగొండి దగ్గరికి వెళ్ళింది. ఎముకల్ని కొరికి దుమ్ము చేసే దానికంటే ఎముకల సంగతి ఇంకెవరికి తెలుసు?

అది పన్నును వాసన చూసింది. "పన్నొక్కటేనా? మిగతా ఒళ్ళేదే?"

"అలా అడుగు పెద్దయ్యా! ఎముకలు లేవంటే ఆ జంతువే లేదు," అంది నక్క.

లచ్చికి గుడ్లే కళ్ళముందు మెదిలాయి. అయినా అలవాటు కొద్దీ తల ఊపింది. ఒప్పేసుకుందనుకుంది నక్క.

"నిజమే మామా, వేటగాడివి, నీకు తెలియనిదేముంది! నిన్న ఎన్ని కౌజుపిట్టల్ని పట్టావేంటి?"

పొగడ్తకు నక్క తోక లేచింది. "ఏడు!"

"అబ్బే, నేను నమ్మను. ఒక్క ఎముకా కనబడదే!"

"కౌజు ఎముకలు మిగులుతాయటే? పటపట నమిలేస్తాం. మిగిలిన పొట్టు చీమలకీ, వానకీ. అదే ఎద్దు తొడ ఎముకైతే ఏళ్ళ తరబడి..." నక్క నాలుక కరుచుకుంది.

"అంటే చిన్న రాక్షసబల్లులు బతకలేదని కాదు, వాటి ఎముకలు మిగలలేదని," అంది లచ్చి మెల్లగా.

దుమ్ములగొండి ఆలోచన మాత్రం ఇంకెక్కడో ఉంది. "ఏడా? వేటలో చెరిసగం అని నాతో ఒప్పుకుని, 'ఒక్కటే దొరికింది పెద్దయ్యా' అంటూ నా ముందు ఒక రెక్క పడేశావే!"

"అదీ... ఎముకలు లేవుగా, కౌజులూ లేనట్టే..."

"తవ్వడం లేదు, గివ్వడం లేదు! ముందు నీ ఎముకలు మిగులుతాయేమో చూద్దాం, ఆగు!"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నక్క ఆ రెండూ చేసుకుంటూ ఏరు దాటేసింది.

లచ్చి గట్టెక్కి, గుడ్లన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది. మళ్ళీ ఒకసారి చూసుకుంది. ఆ పన్నును వాటి పక్కనే మట్టిలో లోతుగా పాతిపెట్టింది.

ఆనవాలు మిగలనంత మాత్రాన ఆ బతుకే లేదనకూడదు.